చిన్నోడి అరమాత్ర

"పక్కింటి పాపకి అమ్మోరు పోసిందటమ్మా" అని అత్తమ్మ చెప్పేసరికి నా చేతిలో చిన్నోడి మాత్ర ఉంది. 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌లో సగం. చెంచాలో వేసి నాలుగు చుక్కల నీళ్లు పోస్తే తెల్లగా విచ్చుకుంటోంది. పట్టించకుండా గట్టు మీద పెట్టేశాను.

వాడికి మూడేళ్లప్పుడు కవాసాకి జబ్బు చేసింది. వారమైనా దిగని జ్వరం, ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు. చీపురుపల్లి నుంచి విశాఖ తీసుకెళ్లాం. గుండె రక్తనాళాల కోసం ఆస్పిరిన్ రాశారు. మామూలుగా పిల్లలకి ఇవ్వకూడని మందు అది. వీడిలాంటి కొద్దిమందికే డాక్టర్లు చూసుకుంటూ ఇస్తారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చీటీ వెనక పెన్నుతో రాసిచ్చారు: ఆటలమ్మ, ఫ్లూ వస్తే, పక్కన ఎవరికి వచ్చినా, వెంటనే ఫోన్ చెయ్యాలి.

భయం రేయ్ సిండ్రోమ్ గురించి. ఆటలమ్మ, ఫ్లూ ఉన్నప్పుడు ఆస్పిరిన్ పడితే కొందరు పిల్లలకి వచ్చే జబ్బది. సిడ్నీలో డగ్లస్ రేయ్ అనే పాథాలజిస్టు 1963లో 21 మంది పిల్లల కేసులతో దీన్ని బయటపెట్టారు. ఆటలమ్మో ఫ్లూనో తగ్గుతోందిలే అనుకునే సమయానికి వాంతులు మొదలై ఆగవు. పిల్లాడు మగతగా పడుంటాడు, లేదా ఊరికే తిరగబడతాడు, మాట తడబడుతుంది. లోపల కాలేయానికి కొవ్వు పడుతుంది, మెదడు వాస్తుంది. చాలా అరుదు, కానీ ప్రాణం తీస్తుంది. అమెరికాలో 1980లో 555 కేసులు వచ్చాయి. పిల్లలకి ఆస్పిరిన్ వద్దని గట్టిగా చెప్పాక, 1987 నుంచి ఏ ఏడాదీ 36 దాటలేదు. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్క మాట చెప్తే అంతమంది పిల్లలు మిగిలారు!

ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఆ పూట మాత్ర ఆపించి, మర్నాడు రమ్మని, వేరే మందు రాశారు.

"నా గుండెకి వేసుకునే మాత్రే కదే ఇది" అంది అత్తమ్మ. అవును, అదే. వివరంగా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పులేసుకుని పక్కింటికెళ్లి, గుమ్మంలోంచే గట్టిగా చెప్పింది: "పాపకి జ్వరమొస్తే పారాసెట్మాలే పొయ్యండమ్మా, అదీ డాక్టర్నడిగి. తలనొప్పి మాత్రలూ, మా ముసలోళ్ల మాత్రలూ ఏవీ ముట్టించకండి."

ఆ పాపా, మావాడూ రెండు రోజుల ముందే ఒకే చాప మీద ఆడుకున్నారు. క్యాలెండర్లో ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టి గుండ్రంగా చుట్టాను. రోజూ స్నానం చేయించేటప్పుడు వీపు, చంకలు, తల వెంట్రుకల మధ్య వెతికేదాన్ని. ఒక్క పొక్కూ రాలేదు.

పాపకి వేపాకు నీళ్లు పోసిన రోజు మమ్మల్ని పిలిచారు. అత్తమ్మ ఒక్కతే వెళ్లొచ్చింది.