విల్లులో సగం పని గీకుడే
విల్లు చెయ్యడంలో నాకు పిచ్చి ఇష్టమైన స్టేజ్ టిల్లరింగ్, అంటే విల్లు రెండు సగాలూ సమానంగా వంగేలా గీకి సరిచెయ్యడం. నారి కట్టి కొంచెం కొంచెంగా లాగుతూ పై సగం కింది సగం ఒకేలా వంగుతున్నాయా లేదా చూడాలి, ఎక్కడ బిగుసుకుని ఉందో అక్కడే లోపలివైపు (లాగేటప్పుడు మనవైపు ఉండేది) కాస్త గీకి, మళ్ళీ ఓ పాతికసార్లు మెల్లగా లాగి మెల్లగా దించితే గాని ఆ తేడా తెలీదు, ఎక్కువ వంగేచోట మాత్రం అస్సలు ముట్టుకోకూడదు. గీకడానికి మెషీన్ సాండర్ (చెక్క అరగదీసే మెషీన్) పెట్టేవాళ్ళు ఉన్నారు, నేనైతే వద్దనే అంటా.

ఇంగ్లీష్ లాంగ్‌బోకి, అంటే వాళ్ళ పాతకాలం పొడుగు విల్లుకి, యూ (yew) అనే చెట్టు చెక్క ఎందుకంటే దాని బయటి తెల్ల చెక్క బాగా సాగుద్ది, లోపలి చేవ ఒత్తిడి తట్టుకుంటది, అందుకే తెల్లది గురి వైపు, చేవ మన వైపు వచ్చేలా చెక్కేవాళ్ళు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లీష్ యుద్ధ ఓడని 1982లో పైకి తీశారు కదా, దాంట్లోవి వందకి పైగా విల్లులు దొరికాయి, చాలావరకు మనిషి కంటే పొడుగు!

మన నల్లమల చెంచులది వెదురు విల్లు. వెదురుకి బలమంతా పైతొక్క దగ్గరుండే నారలోనే, అందుకే గీకేదేదో లోపలివైపే గీకాలి.

ఇంకోటి, బాణం లేకుండా నారి లాగి టక్కున వదలకండి బాబూ, ఆ ఫోర్స్ అంతా చెక్కకే తగిలి విరిగే చాన్స్ ఉంది.