లెక్చరెట్‌లో మూడు నిమిషాలు

కాచిగూడలో రాత్రి రైలెక్కి బెంగళూరులో దిగేసరికి కంటి మీద కునుకు లేదు. సైనిక అధికారులను ఎంచుకునే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఎంపికల్లో మొదటి రోజే స్క్రీనింగ్. వచ్చినవాళ్లలో చాలామంది ఆ సాయంత్రమే పెట్టెలు సర్దుకున్నారు. నేను మిగిలాను. మర్నాడు మనస్తత్వ పరీక్షలు. పదిహేను సెకన్లకొకటి చొప్పున అరవై పదాలకు వాక్యాలు రాశాక, చేతి నొప్పి తప్ప ఏదీ గుర్తులేదు.

అసలు కథ లెక్చరెట్ దగ్గర మొదలైంది. కార్డు మీద నాలుగు అంశాలుంటాయి. ఒకటి ఎంచుకుని, మూడు నిమిషాల్లో సిద్ధపడి, మూడు నిమిషాలు గ్రూపు ముందు మాట్లాడాలి. ‘జాతీయ భద్రతలో ప్రత్యేక దళాల పాత్ర’ కనిపించగానే పండగే అనుకున్నాను. 2016లో నియంత్రణ రేఖ దాటి చేసిన దాడులు నాకు కంఠతా వచ్చు. తీరా ఆలోచిస్తే నా దగ్గరున్నవన్నీ సాహస గాథలే. ‘పాత్ర’ గురించి ఒక్క వాక్యం లేదు!

అప్పుడు 2008 ముంబయి తట్టింది. దాడి రాత్రి మొదలైతే, జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోలు మానేసర్ నుంచి వచ్చేసరికి తెల్లవారింది. మెరికల్లాంటి దళం ఉన్నా, అది దూరంగా ఉంటే ఏం లాభం? అందుకే 2009లో ముంబయి, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వచ్చాయన్నాను. త్రివిధ దళాల ప్రత్యేక బలగాలకు ఉమ్మడి కమాండ్ ఉండాలని 2012లో నరేశ్ చంద్ర కమిటీ చెబితే, 2019లో ఏర్పడింది అంతకంటే చిన్నదైన డివిజన్ మాత్రమేనని కూడా అన్నాను. సమయం అయిపోయింది. గ్రూపు పరీక్షలు పెట్టే అధికారి జీటీఓ ముఖంలో ఏ భావమూ లేదు. వాళ్ల ముఖాలు ఎప్పుడూ అంతేనట.

రాత్రి బ్యారక్‌లో మా గ్రూపులోని అనంతపురం కుర్రాడు పక్క మంచం మీద నుంచి అడిగాడు: “అన్నా, నేవీ కమాండోలు మార్కోస్ పేరే ఎత్తలేదేం? ముంబయిలో ఎన్‌ఎస్‌జీ కంటే ముందు తాజ్‌లోకి వెళ్లింది నౌకాదళం వాళ్లే కదా. ఊళ్లోనే ఉన్నారు కాబట్టే వెళ్లగలిగారు.”

నా వాదనకు అంతకంటే మంచి రుజువు లేదు. అదే మరిచిపోయాను. చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను.

చివరి రోజు కాన్ఫరెన్స్ ముగిశాక ఎంపికైనవాళ్ల చెస్ట్ నంబర్లు చదివారు. అతని నంబరు వినిపించింది, నాది వినిపించలేదు. అతను వైద్య పరీక్షలకు ఆగిపోయాడు, నేను స్టేషన్‌కు ఆటో ఎక్కాను. తర్వాతి ప్రయత్నానికి కొన్న నోటుబుక్కులో మొదటి పేజీ మార్కోస్‌దే: నౌకాదళం, 1987.