నా సముద్రానికి సరిపోయిన పాచికలు

భీమిలి రోడ్డులో తొట్లకొండ మీద, ఆ కొండకి పేరు తెచ్చిన రాతి తొట్ల పక్కన కూర్చున్నప్పుడు నా లోకం మొదలైంది. మిత్రులం ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట కోసం కట్టుకున్న లోకమది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటది. భిక్షువులు కొండమీద దీపం పెడితేనే పడవలు ఒడ్డుకి చేరే ఒక తీరాన్ని ఊహించుకున్నాను. అక్కడి సముద్రం ఏదీ ఊరికే ఇవ్వదు, ఇచ్చినదానికి ఏదో ఒకటి పుచ్చుకుంటుంది. పటం గీశాను, ఊళ్లకి పేర్లు పెట్టాను. ఏ నియమాలతో ఆడాలో తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

మేం ఐదుగురం. ఎంవీపీ కాలనీలో మా అక్క వాళ్ల డాబా మీద ఆదివారం సాయంత్రాలు కూర్చుంటాం. ఇలాంటి ఆటల్లో అందరికీ వచ్చింది డంజన్స్ అండ్ డ్రాగన్స్, అందులోనూ 2014 నాటి ఐదో ఎడిషన్ కాబట్టి దాంతోనే మొదలెట్టాం. మూడో వారం, ఐదో లెవెల్ ఫైటర్‌గా, అంటే ఐదో మెట్టుకి ఎదిగిన యోధుడిగా ఆడుతున్న మిత్రుడు తుపానులో 30 అడుగుల తెరచాప కొయ్య మీంచి పడ్డాడు. పుస్తకం ప్రకారం ప్రతి 10 అడుగులకీ ఒక ఆరుముఖాల పాచిక, అంటే మూడు. సగటున పది, పదకొండు పాయింట్ల దెబ్బ. అతనికున్న ప్రాణం పాయింట్లు 44. దులుపుకుని లేచాడు. ఆ ఆటలో వీరులు అలాగే ఎదగాలి, అందులో తప్పేమీ లేదు. కానీ నా తీరంలో ఆ క్షణాన సముద్రమంటే భయం పోయింది.

1986 నుంచీ ఉన్న గర్ప్స్ అనే మరో ఆట నియమాలు తీశాను. మూడు పాచికల మొత్తం మన నైపుణ్యం అంకె దాటకపోతే పని అయినట్టు. లెక్క నాకు చాలా నచ్చింది. అయితే పాత్రలు తయారు చేసుకునేసరికే చీకటి పడిపోయింది. ఫేట్ అనే ఇంకో ఆట నియమాలు చదివి పక్కన పెట్టాను. పాయింటు ఖర్చుపెట్టి ఫలితాన్ని మార్చుకోవచ్చందులో, నా సముద్రం దగ్గర అది కుదరదు.

చివరికి 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట పద్ధతి పట్టుకున్నాను. రెండు పాచికలు. మొత్తం 10 గానీ ఆపైన గానీ వస్తే పని పూర్తి, 6 గానీ ఆలోపు గానీ వస్తే కష్టం, 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ మూల్యం చెల్లించాలి. ఉన్న 36 జోడీల్లో 15 ఈ మధ్య గడిలోనే పడతాయి. నా లోకం గుణం సరిగ్గా అదే!

పరీక్షకి తొమ్మిదో తరగతి చదివే మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను. లూడో పెట్టెలోంచి తీసిన పాచికలు. కెరటాలు దాటించి పడవని ఒడ్డుకి తేవాలి. ఐదు, మూడు పడ్డాయి.

"పడవ చేరుతుందిరా. కానీ బరువు తగ్గాలి. వల కోసేస్తావా, తెడ్డేసేవాణ్ణి వదిలేస్తావా?"

"అది తాత వల మావయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రబ్బరు తీసుకుని, తన కాగితం మీద 'తాత వల' అన్న మాట నెమ్మదిగా చెరిపేశాడు.

ఆ రాత్రే రాయడం మొదలెట్టాను. అపోకలిప్స్ వరల్డ్‌లో పాత్ర చేసే ఒక్కో రకం పనికీ ఉండే నియమాన్ని మూవ్ అంటారు, దాన్ని చదరంగంలోలా 'ఎత్తు' అన్నాను. కెరటం దాటే ఎత్తు, దీపం వెతికే ఎత్తు, మొత్తం ఏడు అయ్యాయి. పోరాటాలు మాత్రం పలచబడ్డాయి, నిజమే. కత్తియుద్ధం ఇష్టమైన మిత్రుడికి ఆ మాట ముందే చెప్పాను. ఆరు ఆదివారాలు ఆడి చూస్తానన్నాడు.