శోభి మచ్చల ఈస్ట్‌ను పెంచే మీడియా తయారు చేసుకున్న కథ: నా అనుభవం

మైక్రోబయాలజీ పీజీలో నా థీసిస్ మలాసెజియా మీద. శోభి మచ్చలకు కారణం ఈ ఈస్టే, చుండ్రులోనూ దీని పాత్ర ఉంది. కోస్తాలో ఉక్కపోత మొదలైతే చాలు, మెడ, ఛాతీ, వీపు మీద పొట్టు రాలే మచ్చలతో స్కిన్ ఓపీకి వచ్చేవాళ్లు పెరుగుతారు. "మందు రాస్తే పోతుంది మేడమ్, ఎండాకాలం రాగానే మళ్లీ వచ్చేస్తుంది" అన్నదే చాలామంది మాట. మందుకు లొంగకనా, లేక ఆ ఈస్ట్ ఎప్పుడూ మన చర్మం మీదే ఉంటుంది కాబట్టా? అది తేల్చాలంటే ముందు దాన్ని పెంచాలి, తర్వాత మందు పెట్టి చూడాలి.

పెంచడంలోనే మొదటి చిక్కు. ఫంగస్ అంటే ప్రతి ల్యాబ్‌లోనూ ముందు తీసేది సాబురో అగార్ అనే మీడియా (సూక్ష్మజీవులను పెంచే ఆహారం). కాండిడా అనే ఈస్ట్ దాని మీద ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. మలాసెజియాకు అది చాలదు. ఫ్యాటీ యాసిడ్లను సొంతంగా తయారు చేసుకునే ఎంజైమ్ జీన్ దానికి లేదు. 2007లో మలాసెజియా గ్లోబోసా జీనోమ్ చదివినప్పుడు ఈ విషయం జీన్ల స్థాయిలో తేలింది. మన చర్మం మీది జిడ్డును లైపేజ్‌లనే ఎంజైమ్‌లతో విరగ్గొట్టి వాడుకుంటుంది. కాబట్టి ప్లేట్‌లోనూ ఆ కొవ్వు మనమే పెట్టాలి.

సాబురో మీద ఆలివ్ నూనె పొర పోయడం పాత పద్ధతి, చవక కూడా. దాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. మలాసెజియాలో ఫర్‌ఫర్ జాతి దాని మీద బాగానే వస్తుంది, గ్లోబోసా, రెస్ట్రిక్టా జాతులు మాత్రం అంత తేలిగ్గా రావు. అలాంటప్పుడు 'మా దగ్గర ఫర్‌ఫరే ఎక్కువ' అని రాస్తే, అది పేషెంట్ల గురించి చెప్పినట్టా, మన మీడియా గురించి చెప్పినట్టా?

అందుకే మాడిఫైడ్ డిక్సన్ అగార్ సొంతంగా చేసుకున్నాం. లీటరుకు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 36 గ్రాములు, పెప్టోన్ 6, ఎద్దు పిత్తం పొడి 20, ట్వీన్ 40 (ఫ్యాటీ యాసిడ్ ఉన్న, డిటర్జెంట్ లాంటి ద్రవం) పది మిల్లీలీటర్లు, గ్లిసరాల్ 2, ఓలియిక్ యాసిడ్ 2, పైన అగార్, పీహెచ్ 6. బ్యాక్టీరియా రాకుండా క్లోరామ్‌ఫెనికాల్, బూజులు రాకుండా సైక్లోహెక్సిమైడ్. కాగితం మీద చూస్తే సులువే. ట్వీన్ తేనెలా పిపెట్‌కు అంటుకుని రాదు. వెడల్పు మూతి పిపెట్‌తో నెమ్మదిగా లాగి, పూర్తిగా జారేదాకా ఆగాలి. ఆటోక్లేవ్ నుంచి తీశాక ఓలియిక్ యాసిడ్ పైకి తేలిపోతుంది. ప్లేట్లు పోస్తున్నంతసేపూ ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే కొన్ని ప్లేట్లకే నూనె అందుతుంది. పిత్తం వాసన మీడియా రూమ్ దాటి కారిడార్‌లోకి వచ్చేది. అయినా మా టెక్నీషియన్ అన్న ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఆయన ఓపిక లేకపోతే ఈ పని జరిగేది కాదు.

ఇంక్యుబేటర్ 32 డిగ్రీల దగ్గర, రెండు వారాల దాకా. అన్ని రోజుల్లో అగార్ ఎండిపోతుంది, అందుకే ప్లేట్లను పాలిథిన్ కవర్లలో పెట్టి, ఇంక్యుబేటర్లో నీళ్ల ట్రే ఉంచాం. గరుకుగా, మీగడ రంగులో గ్లోబోసా కాలనీలు మొదటిసారి కనిపించిన రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు.

జాతిని గుర్తించడానికి ట్వీన్ 20, 40, 60, 80లలో దేని చుట్టూ పెరుగుతుందో చూశాం, వాటితోపాటు కెటలేజ్, ఎస్క్యులిన్ పరీక్షలు. కెటలేజ్ నెగటివ్ అయితే రెస్ట్రిక్టా అన్న అనుమానం బలపడుతుంది.

అసలు టెన్షన్ మందుల పరీక్ష దగ్గర మొదలైంది. ఈస్ట్‌ల ప్రామాణిక పద్ధతిలో వాడే ఆర్‌పీఎంఐ 1640 ద్రవంలో కొవ్వు ఉండదు, మలాసెజియా అందులో సరిగా పెరగదు. పోనీ కొవ్వు కలిపితే ద్రవం మబ్బుగా మారుతుంది, పెరిగిందో లేదో కంటితో చెప్పలేం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ కొవ్వులో కరిగే ఫంగస్ మందులు. మనం పోసిన కొవ్వే మందును పట్టేసుకుంటే, ఈస్ట్ దాకా చేరేది ఎంత? పెంచడానికి మంచి మీడియా పరీక్షకు చెడ్డది కావచ్చు.

మా గైడ్ మేడమ్ చెప్పిన దారి నాకు బాగా నచ్చింది. మీడియా నాణ్యత చూడటానికి వాడే కాండిడా పారాసిలోసిస్ ఏటీసీసీ 22019కి కొవ్వు అక్కర్లేదు. దాన్ని మామూలు ఆర్‌పీఎంఐలోనూ, కొవ్వు కలిపిన దానిలోనూ పక్కపక్కన పెట్టాం. రెండింటి మధ్య ఎంఐసీ (పెరుగుదలను ఆపడానికి చాలే అతి తక్కువ మందు మోతాదు) ఎంత పెరిగితే, మా మీడియా మందును అంత దాచేస్తోందన్నమాట. ఆ తేడా తగ్గేదాకా, మలాసెజియా మాత్రం ఇంకా పెరిగేటట్టు, పిత్తం, ట్వీన్ మోతాదులు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాం. థీసిస్‌లో నేను ఎక్కువ రోజులు గడిపింది ఇక్కడే, ఏమాత్రం తొందరపడకూడనిదీ ఇక్కడే.

మబ్బు సమస్యకు రెసజురిన్ రంగు పనికొచ్చింది. పరీక్ష ప్లేట్‌లో బతికిన ఈస్ట్ ఉన్న గుంటల్లో నీలం గులాబీగా మారుతుంది. అయినా అనుమానం ఉన్న గుంట నుంచి ఒక చుక్క తీసి డిక్సన్ ప్లేట్ మీద వేసి చూసేదాన్ని. గ్లోబోసా కణాలు గుంపులుగా అంటుకుపోతాయి కాబట్టి, గాజు పూసలతో కలిపి ఊపి, ముద్దలు అడుగుకు దిగాక పై ద్రవమే వాడాం. అప్పుడు కూడా మెక్‌ఫర్లాండ్ మబ్బును (ద్రవం ఎంత మబ్బుగా ఉందో చూసి కణాల సంఖ్యను అంచనా వేసే కొలత) మాత్రమే నమ్మకుండా కాలనీలు లెక్కపెట్టాం.

మలాసెజియాకు ఇంత ఎంఐసీ దాటితే మందు పనిచేయదని చెప్పే బ్రేక్‌పాయింట్లు లేవు. అందుకని నా థీసిస్‌లో ఏ స్ట్రెయిన్‌నూ (ఒక్కో శాంపిల్ నుంచి వేరు చేసిన ఈస్ట్) రెసిస్టెంట్, అంటే మందుకు లొంగనిది, అని రాయలేదు. ఒకే మీడియాలో ఒక స్ట్రెయిన్‌ను ఇంకోదానితో పోల్చాను, అంతే. మీడియాలో ఏది ఎంత కలిపామో మాత్రం ప్రతి పట్టిక కిందా పూర్తిగా రాశాను. స్ట్రెయిన్లు ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర నిలవవు కాబట్టి గ్లిసరాల్‌లో మైనస్ 80లో దాచాం. నా తర్వాత వచ్చిన పీజీ వాటితోనే వొరికొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు పరీక్షలు మొదలుపెట్టింది.