తెల్లబట్టల్లో రాయలవారు

మంగళవారం

పొద్దుటి నుంచి పిల్లల బొమ్మల పుస్తకంలో కృష్ణదేవరాయల కొలువు పేజీకి రంగులు వేస్తూ కూర్చున్నాను. బొమ్మ గీసినవాళ్ల పని బాగా కుదిరింది. కుళ్లాయి ఎత్తు, చెవిపోగులు, స్తంభాల మీది యాళులు (సింహం లాంటి కల్పిత మృగాలు) అన్నీ ఆధారం చూసి గీసినవే. రంగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్క్రిప్టులో ఒక్క ముక్క: "రాయలకు ఎర్ర పట్టు, ఊదా ఉత్తరీయం. రిచ్‌గా ఉండాలి."

నాకు మనసొప్పలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారిని దగ్గర నుంచి చూసి రాసిపెట్టాడు. తెల్లని బట్టలు, వాటి మీద బంగారంతో కుట్టిన గులాబీలు, మెడలో వజ్రాలు, తల మీద జరీ టోపీ. కాళ్లకు చెప్పుల్లేవట. కళ్లారా చూసినవాడి మాట చేతిలో ఉండగా సినిమా సెట్టింగులు చూసి రంగులు వేయడమెందుకు?

ఆ మిలమిలలాడే ఊదా రంగు అసలే కుదరదు. అలాంటివి బట్టల మీద విరివిగా కనిపించింది 1856లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కృత్రిమ ఊదా రంగు కనిపెట్టాకే. అంతకుముందు మనవాళ్ల చేతిలో ఉన్నవి నీలిమందు, చిరివేరు, మంజిష్ఠ, పసుపు, కరక్కాయ. అందుకే ఈ పుస్తకానికి రంగుల పట్టీ లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీది బొమ్మల నుంచి తీసుకున్నాను. అవి రాయల తర్వాత వచ్చిన అచ్యుతదేవరాయల కాలం నాటివి. కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. నీలం దాదాపు కనిపించదు. అయితే అవి గోడ రంగులు, బట్టల అద్దకం వేరు. కాబట్టి సైనికుల నడికట్లకు, ఒకరిద్దరు ఆడవాళ్ల చీరలకు నీలిమందు రంగు ఉంచాను.

మధ్యాహ్నం ఎడిటర్‌గారు ఫోన్ చేశారు. "అంత కొలువులో తెల్లబట్టలేస్తే రాజెవరో పిల్లలకు ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లలు అక్షరం కన్నా ముందు రంగునే చదువుతారు. రేపు పరీక్షలో రాసినా రాయకపోయినా, రాయలవారంటే వాళ్లకు గుర్తుండేది ఈ బొమ్మే. అందుకే ఇంత పట్టుదల.

చుట్టూ ఉన్న సామంతులందరినీ కావిలోకి, ముదురు పసుపులోకి దించేశాను. వెనక తెరలు ఇంకా ముదురు చేశాను. రాయలవారి బట్టల దగ్గర సిరా చుక్క లేకుండా కాగితం తెలుపే వదిలి, మడతల్లో మాత్రం పలచగా పసుపు నీడ వేశాను. అచ్చులో బంగారు సిరా మనకు లేదు కదా, కుట్టు గులాబీలకు పసుపు పక్కన సన్నగా గోధుమ రంగు గీత ఇస్తే మెరుపు వచ్చింది. పేజీ తెరవగానే కన్ను నేరుగా ఆయన మీదికే పోతోంది! పంపిన పది నిమిషాలకు "ఓకే అమ్మా, ఇలాగే కానివ్వండి" అని మెసేజ్.

ఇక మిగిలినవి మూడు బజారు బొమ్మలు. ఫ్లాట్స్, అంటే నీడల్లేని అడుగు రంగులు, వేసిన అబ్బాయి పూలకొట్టు నిండా నారింజ రంగు బంతిపూల దండలు నింపి పంపాడు. మన ఇళ్లలో బంతిపూలు లేని పండగ ఉండదు కాబట్టి అతనికి అదే తోచింది. కానీ బంతి అమెరికా ఖండపు మొక్క. స్పెయిన్ సేనాని కోర్టెస్ మెక్సికో తీరంలో దిగిందే 1519లో. మరుసటి ఏడాదికే హంపీ బజారులో దండలు వేలాడటం జరిగే పని కాదు. 1443లో అక్కడికి వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ ఏమన్నాడంటే, ఈ ఊళ్లో ఎటు చూసినా గులాబీలు అమ్ముతారు, అవి లేకుండా ఈ జనం బతకలేరు, అన్నంతో సమానంగా చూస్తారు అని. ఇంతకన్నా మంచి ఆధారం ఏం కావాలి?

బంతిపూలు ముద్దగా గుండ్రంగా గీసి ఉన్నాయి, గులాబీ రంగు పూస్తే సరిపోదు. ఆ మూడు బొమ్మల్లో దండలు మళ్లీ గీసి ఇమ్మని బొమ్మలు గీసేవాళ్లను అడిగాను. గురువారానికి ఇస్తామన్నారు. ఈలోగా గుడి గోపురం పట్టుకోవాలి. దానికి కూడా ఇవాళ్టి హంపీ ఫొటోల్లోని బూడిద రంగు రాయి వేసి ఉంది, ఆ రోజుల్లో పైభాగమంతా ఇటుక, సున్నం, దాని మీద రంగులు.