అడగకముందే ఒప్పుకున్నాడు

“నేనే తీశాను అంకుల్.”

ఎవరూ అడగలేదు. చిక్కడపల్లి సందులో కిరాణా కొట్టు ముందు పాల ప్యాకెట్ కోసం నిలబడి ఉన్నాను. పక్కనున్న పదేళ్ళ పిల్లవాడు గుప్పిట విప్పాడు. చెమటకు తడిసిన రబ్బరు, పెన్సిల్ గీతలు తుడిచేది. ఐదు రూపాయలది.

కొట్టతను తిట్టబోయి ఆగిపోయాడు. వాడి ముఖంలో భయం లేదు మరి. ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చినంత తేలిగ్గా ఉంది.

1916లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఈ తలకిందుల సంగతే రాశాడు. కొందరికి అపరాధ భావం తప్పు చేశాక రాదట. ముందే ఉంటుంది, దేనికో తెలియకుండా. తప్పు చేస్తే దానికి ఒక కారణం దొరుకుతుంది, మనసు కుదుటపడుతుంది. చదివినప్పుడు చోద్యంగా అనిపించింది. ఇవాళ అంత అనిపించలేదు.

“వాళ్ళమ్మ కువైట్‌లో ఉంటోంది సార్, రెండేళ్ళయింది” అన్నాడు కొట్టతను, అంతా అర్థమైపోయినట్టు.

ఆయనకు తెలియదు గానీ, బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1944లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. 44 మంది పిల్ల దొంగలను చూశాడు. వాళ్ళలో మమత ఎరగనట్టుండే 14 మందిలో 12 మంది పసితనంలో తల్లికి చాలాకాలం దూరమైనవాళ్ళేనన్నాడు. పిల్లలను పరీక్షించిందీ, తేల్చిందీ ఆయనే కావడం నాకు మింగుడుపడదు. అయినా తల్లులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలంతా దొంగతనాలు చేస్తున్నారా?

వాడు రబ్బరు గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళాడు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు.

నేను పాలు మరిచిపోయి ఇంటికొచ్చాను.