గాలి ఎటువైపు నుంచి?

ఈ వేసవి సెలవులకు పిల్లలను తీసుకుని విశాఖపట్నంలోని పుట్టింటికి వచ్చాను. లాసన్స్ బే కాలనీలో మా డాబా ఎక్కితే రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి సముద్రం పలకంత కనిపిస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పైకి వెళ్లి, ఆ పలకంత నీటిని చూసి, ఆ రోజు సముద్రం ఎలా ఉందో ఎవరూ అడగకపోయినా చెప్పడం మా నాన్నగారి అలవాటు. ఆయన 32 ఏళ్లు హార్బరులో లాంచి సరంగుగా పనిచేశారు. ఓడలను రేవులోకి నడిపించే పైలట్లను బయట ఆగిన ఓడల దగ్గరికి చేర్చడం, మళ్లీ ఒడ్డుకు తీసుకురావడం ఆయన ఉద్యోగం. అంత సముద్రం చూసిన మనిషి మమ్మల్ని మాత్రం ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటనిచ్చేవారు కాదు. అక్కడి నీటి లాగుడు ఎంతమంది పిల్లలను పొట్టన పెట్టుకుందో ఆయనకు తెలుసు. అందుకే సముద్రం పక్కన పుట్టి పెరిగిన నేను, టెక్సాస్‌లో మా పిల్లలను ఈతకు చేర్పించినప్పుడు వాళ్లతో పాటే ఈత నేర్చుకున్నాను.

మా అబ్బాయికి 15 ఏళ్లు, అమ్మాయికి 11. డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊరిలో హైస్కూలు పిల్లలకు బాస్ అనే మంచినీటి చేపను పట్టే పోటీలు జరుగుతాయి. పడవలో ఇద్దరు విద్యార్థులు గాలాలు వేస్తుంటే పడవ నడిపే బాధ్యత ఒక పెద్దవారిది. ఆ పెద్దవారిని అక్కడ కెప్టెన్ అంటారు. మావారు వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్లో ఉంటారు కనుక ఆ బాధ్యత నేను తీసుకున్నాను. మా అబ్బాయి చదువు పక్కన పెట్టి చేపలు పట్టడమేమిటని మొదట్లో నాకూ అనిపించింది. కానీ ఆ దేశంలో వాడు తన అంతట తాను ఎంచుకుని, తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ లేపకుండా లేచి వెళ్లే పని అదొక్కటే. దానికి అడ్డుపడితే వాడి జీవితంలో సగం నాకు తెలియకుండా జరిగిపోతుందని అర్థమై, పాత బాస్ బోటు ఒకటి కొన్నాం.

ఆ పడవను నాన్నగారికి ఫోనులో చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పద్దెనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, వెనక 150 హార్స్‌పవర్ మోటారు, ముందు భాగమంతా నిలబడి గాలం వేయడానికి చదునుగా పరిచిన వేదిక. అంచులు చూస్తే నీటికి జానెడు, రెండు జానల ఎత్తులోనే ఉంటాయి. "ఇది కెరటం కోసం చేసింది కాదమ్మా" అన్నారు చివరికి. ఆ మాట అక్షరాలా నిజం. బాస్ బోటు నిశ్చలమైన నీటి మీద వేగంగా దూసుకుపోవడానికీ, అంచున నిలబడి చేపలు పట్టడానికీ తయారైన పడవ. మా ఇంటి దగ్గరి జాలర్ల పేట పెద్దజాలరిపేటలో తల ఎత్తుకుని సముద్రానికి ఎదురు నిలిచే పడవల నిర్మాణం దానికి లేదు.

చెరువే కదా అని మా అమ్మ, విశాఖ దగ్గరి మేఘాద్రిగెడ్డ జలాశయమంత ఉంటుందేమోనని నాన్నగారు అనుకున్నారు. మేము ఎక్కువగా వెళ్లే టెక్సోమా సరస్సు టెక్సాస్, ఓక్లహోమా రాష్ట్రాల సరిహద్దులో రెడ్ రివర్ మీద 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వెనక దాదాపు 89,000 ఎకరాల్లో పరుచుకుని ఉంది. గాలికి అడ్డు లేని నీరు ఎంత దూరం ఉంటే అల అంత పెరుగుతుంది. సముద్రం మీద దూరం నుంచి వచ్చే కెరటానికీ, తర్వాతి కెరటానికీ మధ్య పడవ ఊపిరి తీసుకునేంత ఎడం ఉంటుంది. సరస్సులో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెన్నంటి ఒకటిగా వస్తాయి. చిన్న పడవ ఒక అల దిగేలోపే ముక్కు రెండో అలలో ఉంటుంది. మంచినీటి సరస్సు అపాయం లేనిదని నమ్మే మనవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. ఈ సంగతి వాళ్లకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మార్చి నెలలో ఒక శనివారం సాధన కోసం పిల్లలిద్దరితో వెళ్లాను. ఉదయం నీరు అద్దంలా ఉంది. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేచింది. మేము ఉత్తరపు ఒడ్డున, ఓక్లహోమా వైపు ఉన్నాం. మా ట్రైలరు దక్షిణపు ఒడ్డున ఉంది. గాలికి ఎదురుగా, తొందర పడుతూ వస్తుండగా ముందు ఒక పెద్ద అల కనిపించింది. భయపడి ఇంజిన్‌ను ఒక్కసారిగా తగ్గించేశాను. నేను చేసిన అతి పెద్ద తప్పు అదే. పడవ ఆగింది గానీ, వేగంలో ఉన్నప్పుడు మా వెనక లేచిన అల ఆగలేదు. అది వచ్చి వెనక అంచు దాటి లోపలికి దుమికింది. చీలమండల లోతున చల్లని నీరు, అందులో తేలుతున్న పులిహోర డబ్బా, మా అమ్మాయి రెండు చేతులతో సీటు పక్క పట్టీని పట్టుకున్న తీరు నా కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదు. నీళ్లు తోడే పంపు మీట మా అబ్బాయి వేశాడు. "అమ్మా, ఆపకు, మెల్లగా ముందుకే పోనీ" అని వాడే చెప్పాడు. ముక్కు పైకి లేచేలా నెమ్మదిగా ముందుకు నడిపితే లోపలి నీరంతా పంపు ఉన్న వెనక భాగంలోకి చేరి బయటికి పోసాగింది. మళ్లీ దక్షిణపు ఒడ్డుకు చేరేసరికి గంటన్నర పట్టింది.

ఆ రాత్రి నాన్నగారికి ఫోను చేశాను. తిడతారని సిద్ధపడ్డాను. ఆయన అడిగింది ఒక్కటే. "బయలుదేరేటప్పుడు గాలి ఎటువైపు నుంచి ఉంది?" నా దగ్గర సమాధానం లేదు. ఉదయం గాలి లేదు కనుక గాలి గురించి ఆలోచించనే లేదు. మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తుందని ముందు రోజు వాతావరణ సూచనలో ఉన్నా, నేను చూసింది వాన పడుతుందా లేదా అన్నంతవరకే. అది తెలిసి ఉంటే దక్షిణపు ఒడ్డును అంటిపెట్టుకుని, గాలి చాటున చేపలు పట్టుకుని వచ్చేవాళ్లం. ఆ సంభాషణ అంతా మా అబ్బాయి పక్కనే కూర్చుని విన్నాడు. తాతయ్యతో మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి ఫోను నా చేతికి ఇచ్చేసే వాడు, ఆ రోజు తానే ఫోను తీసుకుని వచ్చీరాని తెలుగులో చాలాసేపు మాట్లాడాడు.

ఇక్కడికి వచ్చిన మూడో రోజే నాన్నగారు వాడిని పెద్దజాలరిపేట తీరానికి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం ముగిసి, ఫైబర్ బోట్లు రోజూ వేటకు వెళ్తున్నాయి. నైరుతి గాలికి కెరటాలు బలంగా ఉన్నాయి. ఒడ్డుకు వస్తున్న ఒక పడవను నాన్నగారు వేలితో చూపించారు. వెనక మోటారు దగ్గర నిలబడిన మనిషి ముందున్న ఇసుకను చూడడం లేదు. మెడ తిప్పి వెనక వచ్చే కెరటాలను చూస్తున్నాడు. ఒక కెరటం తన కింద నుంచి వెళ్లిపోయాక దాని వీపు ఎక్కి, దాన్ని దాటిపోకుండా, దాని నుంచి వెనకబడకుండా సరిగ్గా దాని వేగంతోనే ఒడ్డుకు వచ్చాడు. ఇసుక తగలబోయే క్షణంలో మోటారును పైకి ఎత్తేశాడు. అప్పటికే నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్న నలుగురు పడవ అంచులు పట్టుకున్నారు.

"కెరటం నిన్ను తరుముతున్నప్పుడు దాని వీపు మీద కూర్చోవాలి. దాన్ని దాటి ముందుకు దూకితే నీ ముక్కు ముందున్న కెరటంలో గుచ్చుకుంటుంది" అని నాన్నగారు చెబుతుంటే మా అబ్బాయి కళ్లు మెరిశాయి. పడవ నడపడం నేర్చుకునేటప్పుడు వాడు అదే సంగతి ఇంగ్లీషులో చదివాడు. అలలు వెనక నుంచి వస్తున్నప్పుడు మోటారు కోణం మార్చే ట్రిమ్ బటన్ నొక్కి ముక్కును పైకి లేపి ఉంచాలి, అల వేగాన్ని మించిపోకూడదు. ఎదురు అలల్లో దీనికి తిరగబడిన పద్ధతి. మోటారును లోపలికి ట్రిమ్ చేసి ముక్కును కాస్త దించితే పడవ పొట్ట కింది పదునైన గీత నీటిని కోసుకుంటూ పోతుంది, దబ్బుదబ్బున మోదుకోవడం తగ్గుతుంది. అలలు మరీ పెద్దవైతే మాత్రం వేగమే తగ్గించుకుని, ముక్కు మళ్లీ పైకి లేచి ఉండేలా నెమ్మదిగా పోవాలి. ఒడ్డున విరిగే కెరటానికి జాలర్లు సూటిగా ఎదురు వెళ్తారు, ఎందుకంటే అక్కడ పక్కకు తిరిగితే పడవ బోల్తా పడుతుంది. విరగని అలను ఏటవాలుగా దాటాలి. "దాన్ని రొమ్ముతో కాదురా, భుజంతో తీసుకో" అన్నారు నాన్నగారు, తన కుడి భుజాన్ని ముందుకు వంచి చూపిస్తూ. వాడు ఇంటికి వచ్చేదాకా అదే భంగిమలో నడిచాడు.

మరుసటి రోజు డాల్ఫిన్స్ నోస్ కొండను చూపిస్తూ గాలి చాటు గురించి చెప్పారు. ఆ కొండ అడ్డుగా ఉన్నందునే లోపలి హార్బరు నీరు శాంతంగా ఉంటుంది. పైలట్‌ను ఎక్కించుకునే ఓడ కూడా గాలి ఒక పక్కన తగిలేలా తిరిగి నిలబడుతుంది. రెండో పక్కన లాంచి చేరడానికి కాస్త నిమ్మళమైన నీరు దొరుకుతుంది. సరస్సులో ఆ ఓడ పని చేసేది గాలి వచ్చే వైపు ఒడ్డు. దాన్ని పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్తే దూరం రెట్టింపైనా పడవకూ, నడుముకూ హాయి. ఇంతకాలం అడ్డదారిన సరస్సు మధ్య నుంచి వెళ్లి, మేము మిగుల్చుకున్న సమయం కన్నా పోగొట్టుకున్న ఓపికే ఎక్కువ.

సుఖంగా కూర్చోవడం కూడా భద్రతలో భాగమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒళ్లు హూనమైన మనిషి తప్పులు చేస్తాడు. మోకాళ్లు కాస్త వంచి, పాదాలు గట్టిగా ఆనించి, వీపును సీటుకు బిగించకుండా కూర్చుంటే అదురు వెన్నెముకకు అంతగా చేరదు. తుంపర్లకు కళ్లద్దాలు, ఎండలోనైనా ఒక వానకోటు ఉండాలి. గాలాలన్నీ పెట్టెల్లో ఉండాలి, చేపలు పట్టేటప్పుడు పడవను మెల్లగా కదిపే, ముందున్న చిన్న ట్రోలింగ్ మోటారుకు పట్టీ బిగించాలి. బరువు ఒక పక్కకు చేరకూడదు. పడవ మీద బిగించిన రేకులో ఎంతమంది, ఎంత బరువు అని రాసి ఉన్నది మంచి వాతావరణానికి మాత్రమే. అలలున్న రోజు అందులో సగమే నా లెక్క.

లైఫ్ జాకెట్ విషయంలో మా అమ్మకూ నాకూ వాదన జరిగింది. టెక్సాస్ చట్టం ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లలు కదులుతున్న చిన్న పడవలో దాన్ని తప్పనిసరిగా వేసుకోవాలి. మా అమ్మాయి ఆ మాట చెప్పగానే, "అంటే నీళ్లలో పడతారని వాళ్లే చెబుతున్నారన్నమాట, అలాంటి చోటికి ఆడపిల్లను ఎందుకు తీసుకెళ్లడం?" అంది అమ్మ. ఆమె భయం నాకు పరాయిది కాదు. నన్ను పెంచింది ఆ భయమే. కానీ వద్దు అన్న ఒక్క మాటతో నేను పెరిగిన ఊరు వేరు, నా పిల్లలు పెరుగుతున్న చోటు వేరు. అక్కడ నేను వద్దంటే వాళ్లు స్నేహితుల పడవ ఎక్కుతారు. ఆ పడవ నడిపేవారు ఇంజిన్‌ను ఆపే తాడును తమ జాకెట్‌కు తగిలించుకుంటారో లేదో నాకు తెలియదు. 26 అడుగులలోపు పడవలు వేగంగా పోతున్నప్పుడు నడిపేవారు ఆ తాడు తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో నిబంధన ఉంది. నడిపేవారు నీళ్లలో పడితే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. మా పడవలో ఆ తాడు తగిలించే పని మా అమ్మాయిది. నా నడుము దగ్గర క్లిక్‌మన్న చప్పుడు విన్నాకే తన సీటులో కూర్చుంటుంది. ఇదంతా అమ్మకు చేసి చూపించింది. అమ్మ ఒప్పుకోలేదు గానీ, ఆ జాకెట్ మెడ దగ్గర ఒరుసుకుంటుందేమోనని లోపల వేసుకోవడానికి మెత్తని నూలు చొక్కా కుట్టింది.

రేపు రాత్రికి మా ప్రయాణం. ఈ సాయంత్రం మా అబ్బాయి పడవలో తాళంచెవి పక్కన అతికించడానికి ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాడు. "గాలీ ఎటు?" అని వాడు రాస్తే, తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని "లీ"కి ఉన్న దీర్ఘాన్ని కొట్టేసి "లి" చేశారు. వాడు ఇంకో కాగితం తీసుకుని మళ్లీ రాశాడు. నీళ్లకు తడవకుండా మా అమ్మ దాన్ని పారదర్శకమైన టేపుతో రెండు వైపులా అంటించి పాస్‌పోర్టుల సంచిలో పెట్టింది.